పల్నాడు బొమ్మలున్న పాత పుస్తకం: కొనేముందు, దాచేముందు

అమరావతి మహాస్తూపం శిల్పాల్లో మేలైనవి ఎక్కువగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, రెండోది చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం. నాగార్జునకొండ లోయ సంగతి వేరు. అది కృష్ణ నీళ్ల కిందికి వెళ్లిపోయింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి మండలం, నాగార్జునకొండ ఉన్న మాచర్ల మండలం రెండూ ఈ జిల్లాకే వచ్చాయి. ఇంత సొత్తు ఉన్న జిల్లాలో పుట్టినవాళ్లు ఆ శిల్పాలన్నిటినీ ఒకచోట కూర్చుని చూసుకోవాలంటే దారి ఒక్కటే. అది పాత బొమ్మల పుస్తకాలు.

వాటిని సేకరించే పని డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లు చాలామంది. కొన్ని పుస్తకాల ధర సామాన్యుడికి అందదన్న మాట నిజమే. అయినా ఏది ఎందుకు విలువైనదో తెలిస్తే, మన ఇంటి అటకమీద ఉన్నదాన్ని పోగొట్టుకోకుండా ఉంటాం. ఈ వ్యాసం ముఖ్యంగా అందుకోసమే.

పాతది కావడం ఒక్కటే పుస్తకానికి విలువ తేదు. వందేళ్ల నాటి లెక్కల వాచకాలు ఎన్నో ఉన్నాయి, వాటిని అడిగేవారు లేరు. సేకరించేవాళ్లు చూసేవి ప్రధానంగా మూడు: మొదటి ముద్రణేనా, బొమ్మలన్నీ ఉన్నాయా, ఎవరి చేతుల మీదుగా వచ్చింది. ఈ మూడో ప్రశ్నకు జవాబు సాధారణంగా అట్ట తీయగానే కనిపించే ఖాళీ పేజీలో ఉంటుంది. రచయిత మిత్రుడికి ఇస్తూ రాసిన నాలుగు మాటలు, పెళ్లి కానుక రాత, బడి బహుమతి చీటీ, జమీందారు గ్రంథాలయం ముద్ర, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి.

ముందు బొమ్మల సంగతి చూద్దాం. చింతపల్లి నుంచి తన రాజధానిని మార్చిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1790ల చివర్లో అమరావతిలో కొత్త ఊరు కట్టుకుంటుంటే, దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బలోంచి చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. కర్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన రాసింది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక 9వ సంపుటంలో 1807లో అచ్చయింది. ఆయన 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ మధ్యభాగాన్ని తవ్వి చెరువు చేసేశారు. అప్పుడు ఆయన చిత్రకారులను కూర్చోబెట్టి, మిగిలిన పలకల బొమ్మలను ఒక్కొక్కటిగా గీయించాడు. ఆ బొమ్మల సంపుటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గీసిన పలకల్లో కొన్ని తర్వాత ఎవరికీ కనిపించలేదు. సున్నం బట్టీల్లోకి పోయినవి పోగా, కట్టడాల్లో కలిసినవి కలిశాయి. ఆ పలకలు ఉన్నాయనడానికి ఇప్పుడు ఆ కాగితాలే సాక్ష్యం.

1845లో వాల్టర్ ఇలియట్ మళ్లీ తవ్వించి రాళ్లను మద్రాసుకు పంపించాడు. అక్కడ ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లినియస్ ట్రైప్ వాటికి ఫొటోలు తీశాడు. ‘ఇలియట్ పాలరాళ్లు’ అనే పేరుతో వచ్చిన ఆ సంపుటి అచ్చుయంత్రం మీద బొమ్మలు వేసిన పుస్తకం కాదు, అసలైన ఫొటోలను అతికించింది. మరుసటి ఏడాది, అంటే 1859లో, ఆ రాళ్లలో వందకు పైగా ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడ కూడా వాటికి చోటు దొరకలేదు. వాస్తుశిల్ప చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ 1867 ప్రాంతంలో వెతుక్కుంటూ వెళితే, అవి ఫైఫ్ హౌస్ అనే భవనానికి చెందిన బగ్గీల కొట్టంలో కనిపించాయి. విలియం గ్రిగ్స్ వాటికి ఫొటోలు తీశాడు. అలా 1868లో ఫెర్గుసన్ పెద్ద గ్రంథం ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ లండన్‌లో వెలువడింది. దానిలో సాంచి ఒక సగం, అమరావతి ఇంకో సగం. 1873లో ఫెర్గుసన్ చాలా భాగం తిరగరాసి రెండో ముద్రణ తెచ్చాడు. రాళ్లు బ్రిటిష్ మ్యూజియానికి చేరింది 1880లో.

ఈ పుస్తకం దగ్గర కాసేపు ఆగాలి. పాత బొమ్మల పుస్తకాన్ని ఎలా చూడాలో నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. 1868 ప్రతిలో బొమ్మలన్నీ ఒకే తీరువి కావు. కొన్ని లితోగ్రాఫులు. అంటే నున్నని రాయి మీద జిడ్డు పెన్సిలుతో గీసి, సిరా పూసి, కాగితం మీద అద్దినవి. భూతద్దం పెట్టి చూస్తే వాటిలో సుద్దముక్కతో రుద్దినట్టు సన్నని నూగు కనిపిస్తుంది. ఇంకొన్ని గుడ్డు తెల్లసొన పూసిన పలచని కాగితం మీద తీసిన ఫొటోలు. వాటిని మందపాటి అట్టకు అతికించారు. కాలం గడిచిన కొద్దీ అవి తేనెరంగుకు తిరుగుతాయి, అంచుల్లో వెలిసిపోతాయి. వాటిలో చుక్కలు ఉండవు. తర్వాతి తరం పుస్తకాల్లో వచ్చిన హాఫ్‌టోన్ బ్లాకుల బొమ్మలను భూతద్దంతో చూస్తే చుక్కల వరసలు స్పష్టంగా తెలుస్తాయి. కాబట్టి ఎవరైనా 1868 నాటి ప్రతి అని చూపించినప్పుడు దానిలో శిల్పాల ఫొటోలు చుక్కచుక్కలుగా కనిపిస్తే, అది తర్వాతి పునర్ముద్రణ అని ఘంటాపథంగా చెప్పొచ్చు. వంద రూపాయల భూతద్దం లక్ష రూపాయల మోసాన్ని పట్టిస్తుంది.

ఆ తర్వాత లెక్క చూడాలి. ఇలాంటి పుస్తకాల మొదట్లో చిత్రాల పట్టిక ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా ఉందో లేదో చూసుకోవాలి. మడత పటాలు, దేశపటాలు, స్తూపం కొలతల పటం వంటివి ముందుగా చిరిగిపోతాయి, లేదా ఎవరో చింపేస్తారు. ఒక్క బొమ్మ పోయినా పుస్తకం విలువ బాగా పడిపోతుందని వ్యాపారులకు తెలుసు. అయినా కొందరు ఆ బొమ్మలను బ్లేడుతో కోసి, ఒక్కొక్కదానికి ఫ్రేము కట్టి అమ్ముతారు. ఒక్క పుస్తకం అమ్మడం కంటే అరవై ఫ్రేములు అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుంది కాబట్టి ఆ పని చేస్తారు. అలా కోసిన బొమ్మ కొనకండి. మీరు కొన్న ప్రతి ఫ్రేమూ ఇంకో పుస్తకాన్ని కోయడానికి పెట్టుబడి అవుతుంది.

అమరావతి మీద తర్వాత వచ్చిన ఇంకో రెండు గ్రంథాలు కూడా ఈ కోవలో ముఖ్యమైనవి. 1877లో తాను జరిపిన తవ్వకాల మీద రాబర్ట్ సూయల్ ఇచ్చిన నివేదిక 1880లో వచ్చింది. 1882 సర్వే ఆధారంగా జేమ్స్ బర్జెస్ తెచ్చిన అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల సంపుటి 1887లో వచ్చింది. ఇక్కడ కొత్తగా వెతికేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. బర్జెస్ పుస్తకం పేరులో పల్నాడు లేదు, గుంటూరూ లేదు. కృష్ణా జిల్లా అని ఉంటుంది. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో విడదీశారు. ఆ మధ్య నలభై అయిదేళ్లలో వచ్చిన ప్రతి పుస్తకంలోనూ పల్నాడు కృష్ణా జిల్లాలో ఒక తాలూకా. గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ కూడా అంతే, అందులో పల్నాడు ముచ్చట్లు చాలా ఉన్నాయి. పాత పుస్తకాల జాబితాలో పల్నాడు అని వెతికితే ఏమీ రాదు. అచ్చయిన నాటి జిల్లా పేరుతో వెతకాలి. అప్పటి ఇంగ్లీషు వర్ణక్రమం కూడా ఇప్పటిది కాదు.

నాగార్జునకొండ పుస్తకాలకు నా దృష్టిలో ఇంకా పెద్ద విలువ ఉంది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖ నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 వరకూ లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆయన గ్రంథం పురావస్తు శాఖ 54వ మెమాయిరుగా 1938లో అచ్చయింది. అదే ఏడాది జరిగిన తవ్వకాల మీద టి.ఎన్.రామచంద్రన్ రాసింది 71వ మెమాయిరుగా 1953లో వచ్చింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో చివరి తవ్వకాలు జరిగాయి. తర్వాత లోయంతా మునిగింది. కొన్ని కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ కట్టారు, శిల్పాలను కొండ మీది మ్యూజియంలో పెట్టారు. ఆ కట్టడాలు తమ చోట తాము ఉన్నప్పుడు చుట్టూ కొండలు, మధ్య చదునైన నేల, పక్కన ఏరు ఎలా ఉండేవో చూపించేవి ఆ మెమాయిర్లలోని ఫొటోలే. మాచర్ల పిల్లలకు బళ్లో ఒక్కసారైనా ఆ పుస్తకం చూపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం వీటి జోలికి వెళ్లనక్కర్లేదు. సి.శివరామమూర్తి మద్రాసు మ్యూజియం కోసం 1942లో రాసిన అమరావతి శిల్పాల గ్రంథంతో మొదలుపెట్టండి. ఆయన స్వయంగా చెయ్యి తిరిగిన చిత్రకారుడు. శిల్పాల్లోని నగలు, తలపాగాలు, బండ్లు, కుర్చీలు, కుండలు విడివిడిగా రేఖాచిత్రాలుగా గీసి ఇచ్చారు. రెండు వేల ఏళ్ల కిందట కృష్ణ ఒడ్డున ఆడవాళ్లు కడియం ఎలా పెట్టుకున్నారో, జడ ఎలా అల్లుకున్నారో ఒక్కొక్కటీ కనబడుతుంది. ఇది చాలాసార్లు మళ్లీ అచ్చయింది కాబట్టి ధర దగ్గర భయపడనక్కర్లేదు.

ఇక రాత ఉన్న పుస్తకాలు. ఈ విషయంలో మనవాళ్లు చేసే మొదటి పొరపాటు అంకితాన్నీ, బహూకరణ రాతనూ ఒకటే అనుకోవడం. అంకితం అచ్చులో ఉంటుంది, ప్రతి కాపీలోనూ ఉంటుంది. పాత తెలుగు కావ్యాల్లో కృతిభర్త ఫొటో కూడా మొదట్లో వేస్తారు. చేత్తో రాసిన బహూకరణ ఆ ఒక్క ప్రతికే సొంతం. రెండో పొరపాటు సంతకం విషయంలో. దొంగ ముద్రణలు అరికట్టడానికి కొన్ని పాత పుస్తకాల్లో గ్రంథకర్త ప్రతి కాపీ మీదా సంతకం చేసేవాడు, లేకపోతే ముద్ర వేసేవాడు. సంతకం లేని ప్రతి దొంగదని అచ్చులోనే హెచ్చరించేవారు. అలాంటి సంతకానికీ, ‘ఫలానా వారికి ప్రేమతో’ అని ఊరి పేరు, తేదీతో రాసి ఇచ్చిన దానికీ చాలా తేడా ఉంది. రెండోదాన్ని చదివితే ఇద్దరు మనుషుల మధ్య ఏముందో తెలుస్తుంది. లండన్‌లో ప్రభుత్వ ఖర్చుతో అచ్చయిన పెద్ద గ్రంథాలకు సెక్రటరీ ఆఫ్ స్టేట్ తరఫున బహూకరించినట్టు అచ్చు చీటీ అతికించి ఉండొచ్చు. అది వ్యక్తి ఇచ్చింది కాదు, సంస్థ ఇచ్చింది. అయినా ఆ ప్రతి మొదట ఎక్కడికి చేరిందో చెబుతుంది కాబట్టి దాన్ని ఊడదీయకూడదు.

తేదీ చదవడం కూడా నేర్చుకోవాలి. తెలుగు పుస్తకాల్లో చాలామంది సంవత్సరం అంకెల్లో వేయరు, ‘ప్రభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమి’ అని రాస్తారు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. ప్రభవ 1867–68 కావచ్చు, 1927–28 కావచ్చు, 1987–88 కూడా కావచ్చు. ముందు పుస్తకం అచ్చయిన ఏడాది చూడండి, అంతకుముందు రాసే వీలు లేదు కదా. తర్వాత సిరా చూడండి. పాళీ కలంతో రాస్తే గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా సాగుతుంది, పాత సిరా గోధుమ రంగుకు దిగుతుంది. బాల్‌పెన్ గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం, కాగితం వెనక వేలితో తడిమితే ఒత్తు తగులుతుంది. బాల్‌పెన్నులు బజారుకు వచ్చిందే 1940లలో. ఆ కలంతో రాసిన ‘ప్రభవ’ 1927 కాలేదు.

పల్నాడు తెలుగు పుస్తకాల్లో ఇలా వెతకదగ్గవి తక్కువేమీ కాదు. శ్రీనాథుడిదిగా చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించారు. కారంపూడి వీరుల గుడి దగ్గర కార్తీక మాసంలో వినిపించే కథకు అచ్చులో గౌరవం వచ్చింది ఆ పుస్తకంతోనే. 1974లో గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ నమోదు చేసుకున్నారు, ఆ గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్న వాళ్ల అల్మారా నిండినట్టే. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ‘ఫిరదౌసి’ 1932లో, ‘గబ్బిలం’ 1941లో వచ్చాయి. వాటి తొలి ముద్రణలు, అందులోనూ జాషువా చేతి రాత ఉన్న ప్రతులు, ఎవరింట్లో ఉన్నా అవి తెలుగు జాతి ఆస్తి అని నేను నమ్ముతాను. కులం పేరుతో ఆ కవిని పక్క పంక్తిలో కూర్చోబెట్టిన కాలంలో, ఎవరు ఆయన్ను ఇంటికి పిలిచి పుస్తకం అందుకున్నారో ఆ ఒక్క పేజీ చెప్పగలదు. బొమ్మల కోసమైతే 1924లో మొదలైన ‘భారతి’ పత్రికనూ, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలనూ తిరగేయండి. వాటిలో వేరే కాగితం మీద అచ్చువేసి పెట్టిన త్రివర్ణ చిత్రాలు మొదట మాయమయ్యేవి. పూజగదిలోనో గోడమీదో అతికించుకోవడానికి ఎవరో తీసేస్తారు.

అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి కదా అని అడుగుతారు. చదువుకోవడానికి నిజంగానే గొప్ప మేలు జరిగింది, కాదనను. రచయిత పోయిన 60 ఏళ్లకు మనదేశంలో కాపీహక్కు తీరిపోతుంది కాబట్టి ఈ పాతవాటిలో చాలావాటిని ఎవరైనా చదువుకోవచ్చు. కాని మన డిజిటల్ లైబ్రరీ స్కాన్లు చాలావరకు నలుపు తెలుపుల్లో ఉంటాయి. మడత పటాన్ని విప్పకుండానే స్కాన్ చేసినవి చూస్తాం. ఫొటో నల్లటి మచ్చ అయిపోయి ఉంటుంది. ఖాళీ పేజీ అని బహూకరణ ఉన్న పేజీనే వదిలేస్తారు. అందుకే అసలు ప్రతి ఉండాలి.

దొరికేచోట్ల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు అందరికీ తెలిసినవే. ఎక్కువ సరుకు మాత్రం పాతసామాన్ల బండి మీదే పోతుంది, కిలో లెక్కన. కొనేటప్పుడు గ్రంథాలయం ముద్ర ఉంటే అడగండి. తొలగించినట్టు ఇంకో ముద్ర లేకపోతే ఆ పుస్తకం ఎవరి అల్మారాలోంచో దారి తప్పి వచ్చిందన్నమాట. తాళపత్రాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటిన, చారిత్రక సాహిత్య విలువ ఉన్న రాతప్రతి పురావస్తువే. దాన్ని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపిద్దాం అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

దాచడం దగ్గర మన ఎండే మొదటి శత్రువు. పల్నాడు వేసవిలో రేకుల కప్పు కింద పెట్టిన పుస్తకం నాలుగేళ్లకే అప్పడంలా విరుగుతుంది. 19వ శతాబ్దం రెండో సగం నుంచి వచ్చిన కాగితంలో చెక్కగుజ్జు, ఆమ్లం ఎక్కువ, వేడికి అది తొందరగా పండిపోతుంది. గోడకు ఆనించకుండా, నేలకు జానెడు ఎత్తున, గాలి ఆడే చోట, ఎండ పడకుండా పెట్టండి. చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. రామబాణం పురుగుకు చీకటి, తేమ, జిగురు కావాలి. ఎండిన వేపాకు, వసకొమ్ము ఉంచే అలవాటు మంచిదే, కాని ఆకులు పేజీల మధ్య పెట్టొద్దు, మరక దిగుతుంది. గుడ్డసంచిలో కట్టి పక్కన ఉంచాలి. చిరిగినచోట సెల్లోటేపు అతికించకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోయి జిగురు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు.

అన్నింటికంటే ఎక్కువ నష్టం మంచి ఉద్దేశంతో జరుగుతుంది. అట్ట ఊడిందని పుస్తకాన్ని బైండరుకు ఇస్తాం. ఆయన పాత అట్ట పారేస్తాడు, దాని లోపల అతికించిన చీటీ దాంతోపాటే పోతుంది. ముందు వెనక ఉన్న ఖాళీ కాగితాలు మార్చేస్తాడు, బహూకరణ రాత పోతుంది. చివరికి అంచులు సమంగా ఉండాలని కటింగ్ మిషనులో పెడతాడు, పక్కన రాసుకున్న నోట్సు సగం తెగిపోతుంది. మూడు గంటల్లో ఆ పుస్తకం చరిత్ర మొత్తం చెత్తబుట్టలో పడుతుంది. తప్పనిసరిగా బైండు చేయించాల్సి వస్తే ఒక్క కాగితం పారేయవద్దనీ, అంచు కొయ్యవద్దనీ ముందే చెప్పండి. లేదంటే కొలత ప్రకారం ఒక అట్టపెట్టె చేయించి అందులో ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఖర్చూ తక్కువే.

నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో, వినుకొండలో తాతల నాటి పుస్తకాలున్న ఇళ్లవారికి నా విన్నపం ఇది. వచ్చే సంక్రాంతి బూజు దులుపులప్పుడు పాతసామాన్ల బండిని పిలిచేముందు ప్రతి పుస్తకం అట్ట తీసి మొదటి పేజీ చూడండి. రాత ఉంటే సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. ఆ పేరున్న మనిషి ఎవరో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వేరే కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. బొమ్మల పుస్తకమైతే బొమ్మలు లెక్కపెట్టండి. దాచుకునే ఓపిక లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయానికి ఇవ్వండి. ఆ గ్రంథాలయం 1918 నుంచి పాత పుస్తకాలనూ, పాత పత్రికలనూ దాచి పెడుతోంది.